వెనక్కి తీసుకున్న వాన

మా ఖానాపురం హవేలిలో షేర్ ఆటోలు ఆగే మలుపు దగ్గర ఒక ప్రహరీ గోడ ఉంది. దాని మీద పోస్టర్లు అంటించరాదని పెద్ద అక్షరాలతో రాసి ఉంది కాబట్టి ఊళ్లోని పోస్టర్లన్నీ అక్కడే అంటిస్తారు. మొన్న పొద్దున కాలేజీకి బయల్దేరినప్పుడు ఒకాయన ఆ గోడ కింద కూర్చుని బకెట్లో మైదా జిగురు కలుపుతున్నాడు. ఉడికిన మైదా, అందులో పురుగు పట్టకుండా వేసిన మైలుతుత్తం, రెండూ కలిసిన ఆ వెచ్చటి పుల్లటి వాసన ముక్కుకు తగలగానే బండి పక్కకు ఆపాను. ఆయన నన్ను అనుమానంగా చూసి, "ఏంది సార్, ఈ గోడ మీ సొంతమా?" అన్నాడు. కాదన్నాను. "మరేంది?" అన్నాడు. వాసన బాగుందన్నాను. ఆయన బకెట్‌ను కొంచెం అవతలికి జరుపుకున్నాడు. ఆ జిగురుతో నేనూ ఒకప్పుడు నాలుగు గ్రంథాలయాలు తిరిగి కాగితాలు అంటించానని, వాటి మీద ఉన్నది నా తప్పేనని, అంటించమన్నది రజియా మేడం అని ఆయనకు చెప్పేంత పరిచయం మా మధ్య లేదు.

రజియా మేడం ఖమ్మంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో భూగోళశాస్త్రం చెప్పేవారు. పొట్టి మనిషి. నూలు చీర, భుజాన గుడ్డ సంచి, సంచిలో ఎప్పుడూ ఒక స్కేలు. వాళ్ల నాన్నకు బజారులో తూకం కాటాలు బాగుచేసే దుకాణం ఉండేది, తర్వాత తమ్ముడు నడిపాడు. మేడం కూరగాయలకు వెళ్తే బండ్లవాళ్లు అడక్కముందే తక్కెడ సరిచూసుకునేవారట. నేను ఏన్కూరు దగ్గరి తండా నుంచి వచ్చి, ఎమ్మెస్సీ పూర్తిచేసి, రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఆవిడ దగ్గర ప్రాజెక్టు సహాయకుడిగా చేరాను. ఉద్యోగం కోసం వెళ్లిన రోజు ఆవిడ నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే. "బాలాజీ, ఈ టేబుల్ పొడుగెంత?" నాలుగడుగులు ఉంటుందన్నాను. సంచిలోంచి స్కేలు తీసి నా చేతిలో పెట్టారు. కొలిస్తే రెండంగుళాలు తక్కువ వచ్చింది. "మరి కూసోని చెప్పినవేంది?" అన్నారు. ఉద్యోగం మాత్రం ఇచ్చారు. దరఖాస్తు పెట్టింది నేనొక్కడినే అని తర్వాత తెలిసింది.

మా ప్రాజెక్టు చిన్నది. ఏన్కూరు పొలాల్లో ఒకటి, సారపాకలో కాగితపు మిల్లు ఉద్యోగి ఒకాయన డాబా మీద ఒకటి, భద్రాచలం దాటి మట్టిరోడ్డు మీద లోపలికి పోతే వచ్చే అడవి అంచు పల్లెలో ఒకటి, మొత్తం మూడు చోట్ల వాన కొలవాలి. డబ్బా మీద గరాటు, డబ్బా లోపల సీసా. వారమంతా పడిన వాన సీసాలోకి చేరుతుంది. ఆదివారం నేను బస్సెక్కి మూడు చోట్లా తిరిగి, సీసాలోని నీళ్లు గీతలున్న కొలత గాజు గొట్టంలో పోసి, అంకె నోటుబుక్కులో రాసుకోవాలి. చదువుకున్న మనిషికి ఇంత తేలికైన పని దొరకడం అదృష్టమని అప్పట్లో అనుకున్నాను. ఏన్కూరులోను, సారపాకలోను సీసా నేనే తీసుకునేవాణ్ణి. అడవి పల్లెలో మాత్రం మేకలు డబ్బాను కుమ్మేస్తున్నాయని దాన్ని జోగమ్మ అనే కోయ ముసలావిడ దడి లోపల పెట్టాం. శనివారం సాయంత్రం ఆవిడ సీసా బయటికి తీసి, బిరడా బిగించి, నీడన దాచి, దాని బదులు ఇంకో సీసా డబ్బాలో పెట్టేది. ఆదివారం నేను వెళ్లేసరికి రెండు చేతులతో తెచ్చి ఇచ్చేది. ఆ పల్లెలో దాన్ని అందరూ వాన డబ్బా అనేవారు. నన్ను వాన పిలగాడు అనేవారు. అంతకు ముందుగానీ తర్వాతగానీ నాకు అంత మంచి బిరుదు రాలేదు.

ఏడాది తిరిగేసరికి ఒక వింత బయటపడింది. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఏన్కూరు సీసా ఎండిపోయి ఉండేది, సారపాక సీసాలో సాలీడు గూడు పెట్టుకుంది. అడవి పల్లె సీసాలో మాత్రం వారం వారం ఇన్ని నీళ్లు. అడవి పక్కనున్న ఊరికి నడి ఎండాకాలంలోనూ చిరుజల్లు పడుతోందన్నమాట. మేడం నోటుబుక్కు ముందుకీ వెనక్కీ తిప్పి, "నువ్వు సరిగ్గ కొలిచినవా?" అని మూడుసార్లు అడిగారు. కొలిచానన్నాను. ఇద్దరం వ్యాసం రాసి దూరపు నగరంలోని ఒక పరిశోధన పత్రికకు పంపాం. పత్రికవాళ్లు దాన్ని ఇద్దరు పండితులకు చూపించారు. ఒకాయన, అది మంచు నీరేమో ఆలోచించారా అని అడిగాడు. మంచు కాదని రెండు పేజీల జవాబు రాశాం. వేరే ఏ కారణం గురించీ ఎవరూ అడగలేదు, మేమూ అనుకోలేదు. వ్యాసం అచ్చయింది. అడవులు కాపాడాలని ఎక్కడ సభ జరిగినా మా చిరుజల్లులు కురవడం మొదలైంది. లెక్చరర్‌కు పైమెట్టైన రీడర్ పోస్టుకు మేడం పెట్టిన దరఖాస్తులో ఆ వ్యాసమే పైన ఉంది. నా పీహెచ్‌డీ దరఖాస్తులో పైనా కిందా అదే ఉంది. మా నాయిన ఆ పత్రికను ప్లాస్టిక్ కవర్లో పెట్టి తండాలో ఇంటింటికీ తిప్పాడు. ఇంగ్లీషు రానివాళ్లకు నా పేరున్న చోట వేలు పెట్టి చూపించేవాడు. ఇంగ్లీషు వచ్చినవాళ్లకు చూపించేవాడు కాదు, వాళ్లు ప్రశ్నలు వేస్తారని.

మరుసటి మే నెలలో మేడం ఆ పల్లె చూస్తానన్నారు. అచ్చయ్యాక వెళ్లడం ఆలస్యమేనని ఆవిడే తర్వాత చాలాసార్లు ఒప్పుకున్నారు. మేం వెళ్లేసరికి ఆకాశం ఇత్తడి పళ్లెంలా ఉంది. జోగమ్మ వాకిట్లో మంచం వాల్చి, లోపలికి వెళ్లి సీసా తెచ్చి, ఈసారి నాకు కాకుండా మేడం చేతిలో పెట్టింది. మెడ దాకా నీళ్లు. మేడం సీసా వంక చూశారు. ఆకాశం వంక చూశారు. తర్వాత నా వంక చూశారు. నేను మేక వంక చూశాను.

"అవ్వా, ఈ వారం గింత వాన పడ్డదా?" అని అడిగారు మేడం.

"వానేడిది తల్లీ!" జోగమ్మ నవ్వింది. "రెండు నెలల సంది సుక్క లేదు."

"మరి గీ నీళ్లేడియి?"

"నేనే పోసిన. పిలగానికైతే జరంత పోస్త. నువ్వు పెద్దమనిషివి, మొదటిపాలి వచ్చినవ్. గందుకే నిండ పోసిన."

"ఎప్పుడూ పోస్తవా?"

"వానున్నప్పుడు ఎందుకు పోస్త? దాంట్ల ఉండనే ఉంటయి గద. ఉత్తగున్నప్పుడే పోస్త. ఇంటికొచ్చినోళ్ల సీస ఉత్తగ చేతుల పెడ్తరా ఎవరన్న? మీ ఇండ్లల్ల పెడ్తరా?"

మేడం సీసాను మంచం పక్కన నేల మీద పెట్టారు. తర్వాత, "పెట్టరు అవ్వా" అన్నారు. తాగడానికి నీళ్లడిగారు. జోగమ్మ సీసా నింపిన కుండలోంచే ముంచి ఇచ్చింది. మేడం ఆ గ్లాసు పూర్తిగా తాగి, నీళ్లు మంచిగున్నాయన్నారు. మా పరిశోధన సారాన్ని ఆవిడ అలా ఒక్క గుక్కలో తాగేయడం చూస్తూ నిలబడ్డాను.

తిరుగు బస్సు కొత్తగూడెం చేరింది. అక్కడ బస్సు ఆగగానే, "పత్రికకు రాయాలె. ఆ వ్యాసం వెనక్కి తీస్కుంటున్నమని" అన్నారు.

"మేడం, ఈ సంగతి జోగమ్మకు, మనకు తప్ప ఎవ్వరికీ తెలియదు" అన్నాను.

"జోగమ్మకు తెల్సు. నాకు తెల్సు. నీకు తెల్సు. ఇంకెందరు కావాలె, మీటింగ్ పెట్టాల్నా?"

"మీ ఇంటర్వ్యూ ముందుంది గదా. అది కానీయండి."

ఆవిడ కిటికీలోంచి చూస్తూనే జవాబిచ్చారు. "కాటా తప్పు చూపెడుతుందని తెల్వక తూస్తే అది పొరపాటు. తెల్సినాక ఒక్క తూకం తూసినా మోసం. మా దుకాణంల చిన్నపిల్లగాన్ని అడుగు, చెప్తడు."

ఒక పరిశోధన పత్రికతో తప్పు ఒప్పించుకోవడం కన్నా వ్యాసం వేయించుకోవడం తేలికని ఆ తర్వాతి ఆరు నెలల్లో నేర్చుకున్నాను. మేడం ఉత్తరానికి సంపాదకుడు వెంటనే జవాబిచ్చాడు. మీ నిజాయితీకి అభినందనలు, అయితే మీ వ్యాసం మీద ఇంతవరకు ఏ పాఠకుడూ ఫిర్యాదు చేయలేదు అని. మేడం తిరిగి రాశారు: నేను మీ పత్రికకు చందాదారును, అంటే పాఠకురాలిని, ఫిర్యాదు చేస్తున్నాను అని. ఆయన ఒక మెట్టు దిగి, ముద్రణ దోషాల శీర్షిక కింద అడవి పల్లె అంకెలున్న రెండో పట్టికను సవరిద్దామన్నాడు. అచ్చువాళ్ల తప్పు వేరు, మా తప్పు వేరని మేడం రాశారు. రెండో పట్టిక పోతే వ్యాసం పైనున్న శీర్షిక పోతుంది, శీర్షిక పోతే ఎనిమిది పేజీల్లో మిగిలేది చివరి కృతజ్ఞతల పేరా ఒక్కటే. జోగమ్మ సహకారం మరువలేనిదని అందులో రాశాం. అది మాత్రం అక్షరాలా నిజం.

చివరికి ఆయనే కాలేజీకి ఫోన్ చేశాడు. ప్రిన్సిపాల్ గదిలో ఉన్న ఫోను గట్టిగా మాట్లాడేది, అందరికీ వినపడేది. "మేడం, మా పత్రిక మొదలైనప్పటి నుంచి ఒక్క వ్యాసం కూడా వెనక్కి తీసుకోలేదండీ" అన్నాడు. "అంటే అన్నీ కరెక్టేనా సార్?" అని మేడం మర్యాదగానే అడిగారు. "నేనలా అనలేదండీ" అన్నాడాయన. ఆ మాటతో ఆయన మీద నాకు గౌరవం కలిగింది. మనిషి చెడ్డవాడు కాదు. ఇలాంటిది ఎలా చేయాలో ఆయనకు తెలియదు, అంతే. వెళ్లి తన సలహాదారులను అడిగి, తెలుసుకుని, నెల తర్వాత పద్ధతి రాసి పంపాడు. వ్యాసాన్ని ఎక్కడా చింపరు. అది ఉన్నచోటే ఉంటుంది. తర్వాతి సంచికలో విడిగా ఒక పేజీలో ప్రకటన వేస్తారు, విషయసూచికలోనూ చూపిస్తారు. ఏది తప్పో, ఎందువల్ల తప్పో అందులో ఉండాలి. రచయితలిద్దరూ సంతకం చేయాలి. ఆఖరున ఒక ప్రశ్నకు జవాబు రాయాలి: ఇది పొరపాటున జరిగిందా, తెలిసి చేసిందా?

ఆ ప్రశ్న ఎందుకని మేడాన్ని అడిగాను, ఏదో మామూలుగా తెలుసుకోవాలన్నట్టు. "పొరపాటైతే ఈ ఒక్క వ్యాసం పక్కన పెడితే సాలు. తెల్సి చేస్తే ఆ మనిషి ముట్టుకున్న ప్రతి అంకె మళ్ల చూడాలె" అన్నారు. ప్రకటన ఆవిడే రాశారు. డబ్బా చూసుకునేవారు మంచి మనసుతో, ఇంటి ఆచారం ప్రకారం ఖాళీ సీసాలో నీళ్లు పోశారని, వారి తప్పేమీ లేదని, ఆ సంగతి ముందే వెళ్లి చూడకపోవడం తన బాధ్యతేనని. చివరి వాక్యం, తెలిసి చేసినది ఏదీ లేదు అని. దాని కింద అప్పటికే తన సంతకం పెట్టి కాగితం నా ముందుకు జరిపారు.

పెన్ను తీసుకున్నాను. పెట్టేస్తే అయిపోయేది. ఎవరికీ తెలిసే దారి లేదు. ఈ సంగతి జోగమ్మకు కూడా తెలియదు. కానీ ఆ వాక్యం కింద ఆవిడ సంతకం ఉంది, గుండ్రంగా, ఏ తొందరా లేకుండా.

"మేడం, రెండు ఆదివారాలు నేను పోలేదు" అన్నాను.

ఆవిడ తలెత్తలేదు. "ఏడికి?"

"మూడు చోట్లకీ."

"మరి రీడింగులు?"

"రాసిన."

"ఎట్ల?"

"ఏన్కూరుకు, సారపాకకు సున్న పెట్టిన. అడవి ఊరికి ముందు వారంది, తర్వాత వారంది కలిపి సగం చేసిన."

"ఎందుకు పోలె?"

"క్రికెట్ మ్యాచ్ మేడం."

"రెండు వారాలా?"

"రెండోది ఫైనల్."

"గెలిచిన్రా?"

"ఓడిన్రు."

ఆవిడ అప్పుడు తలెత్తారు. కోపం లేదు. ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. "జోగమ్మ ఇంటికొచ్చిన మనిషి కోసం పోసింది. నువ్వెవరి కోసం పోసినవ్ బాలాజీ?" అన్నారు. ఆవిడ తన సంతకం మీద గీత కొట్టి, తెల్లకాగితం నా ముందు పెట్టి, "రాయి" అన్నారు. అనివార్య కారణాల వల్ల అని మొదలుపెట్టాను. "క్రికెట్ అనివార్యమా?" అన్నారు. కొట్టేశాను. నాలుగోసారికి కుదిరింది: రెండు వారాల అంకెలను రెండో రచయిత కొలవకుండానే రాశాడు. రెండో రచయిత అంటే ఎవరో తెలియనివాళ్ల కోసం పక్కన నా పేరు కూడా రాయించారు.

ప్రకటన పదకొండు లైన్లలో అచ్చయింది. కాలేజీలో ముగ్గురు సభ్యుల కమిటీ కూర్చుంది. నా పీహెచ్‌డీ దరఖాస్తు వెనక్కి వచ్చింది. మేడం ఇంటర్వ్యూకి ఆ ప్రకటన కాపీ తానే తీసుకెళ్లి బల్ల మీద పెట్టారట. రీడర్ పోస్టు ఇంకొకరికి వెళ్లింది. వారి వ్యాసాల్లో ఏ తప్పూ లేదు. వారు ఏ వ్యాసమూ రాయలేదు. నావల్లే ఇలా అయిందని ఆవిడతో అన్నప్పుడు, "సగం నీవల్ల. సగం నేను ఎండాకాలం ఒక్కసారన్న పోయి చూడనందుకు. లెక్క సరిగ్గ చెప్పు" అన్నారు.

తర్వాత అంటింపుల కార్యక్రమం. పత్రిక కొత్త సంచిక చూసేవాళ్లు పాతది చూడరు, పాతది చూసేవాళ్లకు కొత్త సంచికలో ఏముందో తెలియదు కదా అని మేడం ప్రకటన కాపీలు తీయించారు. మా కాలేజీ అటెండర్ యాకూబ్ భాయ్ స్టవ్ మీద మైదా ఉడికించాడు. నేను బ్రష్షు, డబ్బా పట్టుకుని ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలంలో ఆ పత్రిక వచ్చే నాలుగు గ్రంథాలయాలకూ వెళ్లి మా వ్యాసం మొదటి పేజీకి ఎదురుగా దాన్ని అంటించాను. ఒక చోట లైబ్రేరియన్ అడ్డం పడ్డాడు. "ఎవల పుస్తకం అనుకున్నవయ్యా? ఎవలో అచ్చేసిన దాని మీద నువ్వు కాగితాలెట్ల అంటిస్తవ్?" అన్నాడు. అందులో ఉన్న పేరు నాదేనని గుర్తింపు కార్డు చూపించాను. ఆయన కార్డు చూశాడు, కాగితం మొత్తం చదివాడు, జిగురు ఆరేదాకా ఫ్యాన్ కింద పెట్టమన్నాడు.

మా నాయినకు ఆ వార్త నేను చెప్పకముందే చేరింది. "మళ్ల పడ్డదా బిడ్డా పేరు?" అన్నాడు. పడిందన్నాను. "మొదటిపాలి కన్న పెద్దగ పడ్డదంట గద!" అని సంబరపడ్డాడు. తండా అంతా తిప్పకముందే చెప్పేయాలని, ఏం రాశారో మొత్తం చెప్పాను. చాలాసేపు బీడీ వెలిగించకుండా వేళ్ల మధ్య తిప్పుతూ కూర్చున్నాడు. "మరి మేడం కోపం జేసిందా?" అన్నాడు. లేదన్నాను. "గదే కష్టం" అన్నాడు.

మేడం నన్ను తీసేస్తారనుకున్నాను. సోమవారం వెళ్లి నిలబడితే, "ఆదివారం ఏన్కూరు బస్సు ఎన్నింటికి?" అని అడిగారు. ఆరున్నరకన్నాను. "ఎక్కు" అన్నారు. ఏడాదంతా మళ్లీ కొలిచాను. జోగమ్మ అలవాటు మార్చడం మర్యాద కాదని, మేడం నాతో ఒక స్టీలు గిన్నె పంపారు. ఇచ్చేది గిన్నెలో ఇయ్యి, సీసాను మాత్రం వానకు వదిలెయ్ అని చెప్పమన్నారు. జోగమ్మకు అది న్యాయంగానే తోచింది. ఆ ఎండాకాలం సీసా ఖాళీగా వచ్చింది. గిన్నెలో మాత్రం వారం వారం ఇప్పపూలు, మక్కలు, ఒకసారి బతికున్న కోడిపిల్ల. ఎండాకాలం అంకెలన్నీ సున్నాలని రెండో వ్యాసం రాసి పంపాం. ఎండాకాలంలో వాన పడదని అందరికీ తెలిసిందే కదా అని సంపాదకుడు తిప్పి పంపాడు. ఆయన చెప్పినదాంట్లోనూ తప్పు లేదు.

మొదటి వ్యాసాన్ని మాత్రం జనం వదల్లేదు. ప్రకటన వచ్చాక కూడా ఏళ్ల తరబడి ఎవరో ఒకరు మా చిరుజల్లుల గురించి రాస్తూనే ఉన్నారు. కంటపడిన ప్రతిసారీ మేడం వాళ్లకు కార్డు రాసేవారు: మీరు పేర్కొన్న మా వ్యాసం వెనక్కి తీసుకున్నాం, దయచేసి గమనించగలరు. జవాబిచ్చినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. "ఎవరూ పట్టించుకోరు గదా మేడం, ఎందుకు?" అని ఒకసారి అడిగాను. "పట్టించుకోకపోవుడు వాళ్ల పని. చెప్పుడు మన పని" అంటూ ఇంకో కార్డు తీసుకున్నారు. రిటైరయ్యేదాకా ఆవిడ లెక్చరర్‌గానే ఉన్నారు. పోయి నాలుగేళ్లయింది.

నేను తర్వాత ఇంకో విషయం మీద పీహెచ్‌డీ చేశాను, కాస్త ఆలస్యంగా. ఇప్పుడు ఖమ్మంలోనే పాఠాలు చెబుతున్నాను. ఇంటర్‌నెట్‌లో నా పేరు కొడితే మొట్టమొదట వచ్చేది ఆ వ్యాసమే. పేజీ పేజీకీ అడ్డంగా, వెనక్కి తీసుకున్నది అని ఎర్రటి అక్షరాలు ఉంటాయి. ఇంటర్వ్యూలలో మూడుసార్లు దాని గురించి అడిగారు. మూడుసార్లూ ఉన్నదున్నట్టు చెప్పాను, రెండుసార్లు ఉద్యోగం రాలేదు. నా ప్రచురణల జాబితాలో మొదటి నంబరు కింద ఆ వ్యాసం, రెండో నంబరు కింద ప్రకటన ఇప్పటికీ ఉన్నాయి. మొన్న మా విభాగంలో కొత్తగా చేరిన అమ్మాయి ఆ జాబితా టైపు చేస్తూ, "సార్, ఈ రెండూ తీసేద్దామా? మిగతావి పద్దెనిమిది ఉన్నయి గదా" అంది. వద్దన్నాను. ఆ పద్దెనిమిదీ సరైనవేనని నా నమ్మకం. రెండో నంబరులోని పదకొండు లైన్లు నిజమని మాత్రం నాకు తెలుసు.